ఊపిరి పీల్చే ఉయ్యాల

కాన్పుల ఆసుపత్రి పెద్ద నర్సమ్మ గారికి,

ఉయ్యాలలు చేసే ముసలి వడ్రంగి రాయడం ఏమంటే, నేను బాగానే ఉన్నాను. మీరెలా ఉన్నారని తర్వాత అడుగుతాను. ముందు నా ఉయ్యాలలకి ఏం రోగమొచ్చిందో చెప్పండి.

నిన్న మా బండివాడు కొత్తవి వేసుకుని మీ దగ్గరికి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఇక ఉయ్యాలలు వద్దంట, ఉన్నవే ఖాళీగా పడున్నాయి" అని వెనక్కి తిప్పి పంపాడు. మావాడు ఊరుకుంటాడా? లోపలికి తొంగి చూశాడు. వరండా చివర, నేల తుడిచే బకెట్ల పక్కన, నా ఉయ్యాలలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్నాయంట. ఎక్కించారు! అవేమన్నా గోనె మూటలా?

నేను చదువుకున్నవాణ్ణి కాదు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తిప్పి తిప్పి రాయడం చేతకాదు, సూటిగా అడుగుతున్నా. కిర్రుమంటున్నాయా? మేకు పైకి లేచిందా? ఎక్కడన్నా పేడు గుచ్చుకుందా? గుచ్చుకోదు. గరుకు కాగితం పట్టాక నేను చేత్తో తడిమి చూడను. నా చెయ్యి మొద్దుబారిపోయింది. చెంప ఆనించి చూస్తాను. చెంప అబద్ధం చెప్పదు.

ఈ ఊళ్ళో సగం మంది నా ఉయ్యాలల్లోనే పెరిగారు. మీ వాచ్‌మన్‌తో సహా. వాడికి గుర్తుండదు, నాకుంది. అప్పుడూ వాడిదే గొంతు, ఊపడం ఆపితే వీధంతా లేచి కూర్చునేది.

ఆ ప్లాస్టిక్ తొట్ల వ్యాపారి మీ దగ్గర తిరుగుతున్నాడని నాకు అనుమానం. వాడి తొట్టిలో బట్టలు నానబెట్టుకోవచ్చు. బిడ్డని పడుకోబెట్టకూడదు. తప్పేదో నాకు రాసి పంపండి, దిద్దుతాను. తప్పు లేకపోతే అదన్నా రాసి పంపండి, గోడకి అంటించుకుంటాను.

ఇట్లు,
ఉయ్యాలల తాత

తా.క. అన్నిటికంటే పైనున్న ఉయ్యాలలో మీ వాచ్‌మన్ భోజనం డబ్బా పెట్టుకున్నాడంట. మా బండివాడు కళ్ళారా చూశాడు. డబ్బాకి దుప్పటి కూడా కప్పాడంట.

*

పెద్దలు ఉయ్యాలల తాతగారికి నమస్కారాలు.

మీ ఉయ్యాలల్లో ఏ తప్పూ లేదు. ఇది మీరు గోడకి అంటించుకోవచ్చు. బకెట్ల పక్కన పెట్టడం మాత్రం మా తప్పే. వాటిని మా గదిలోకి తెప్పించాను.

అసలు సంగతి చెబుతాను. మా నర్సులం కొందరం కలిసి ఒక పరిశోధన చేస్తున్నాం. ఇదివరకు బిడ్డ పుట్టగానే తీసుకుపోయి, తూచి, స్నానం చేయించి, గుడ్డలో చుట్టి ఉయ్యాలలో వేసేవాళ్ళం. తల్లి ఒక పక్క, బిడ్డ ఒక పక్క. ఇప్పుడు అలా కాదు. బిడ్డని తుడిచి, నేరుగా తల్లి ఛాతీ మీద, మధ్యలో బట్ట అడ్డం లేకుండా పడుకోబెడుతున్నాం. పైన ఇద్దరికీ కలిపి ఒక దుప్పటి. తూకాలూ స్నానాలూ తర్వాత. అలా ఉంచితే బిడ్డ ఒళ్ళు చల్లబడకుండా ఉంటుందా, పాలు త్వరగా తాగుతుందా, ఏడుపు తగ్గుతుందా, తల్లికి ధైర్యం వస్తుందా అని చూసి రాసుకుంటున్నాం.

ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి బిడ్డలకి ఇది బాగా నచ్చినట్టుంది. ఒకసారి ఛాతీ ఎక్కినవాళ్ళు ఇక దిగనే దిగం అంటున్నారు. అందుకే ఉయ్యాలలు ఖాళీగా ఉంటున్నాయి. అంతే తప్ప, ఏ వ్యాపారీ మా దగ్గరికి రాలేదు.

మీరు బాధపడకండి.

గౌరవంతో,
పెద్ద నర్సు

తా.క. భోజనం డబ్బా తీసెయ్యమని వాచ్‌మన్‌కి చెప్పాను. "అందులో పెడితే మధ్యాహ్నం దాకా వేడి తగ్గట్లేదమ్మా, ఆ ముసలాయన పనితనం అలాంటిది" అన్నాడు. ఈ మాట మీకు చేరవెయ్యాలనిపించింది.

*

పెద్ద నర్సమ్మ గారికి,

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను, మా ఇంటావిడ ఒకసారి చదివింది. ఆవిడకి నచ్చింది. నాకు నచ్చలేదు.

అంటే ఏమిటి మీరనేది? ఛాతీకీ నా ఉయ్యాలకీ పందెం పెట్టారు. పెడితే పెట్టారు, నాకొక మాట చెప్పాలా వద్దా? కుస్తీలో కూడా రెండోవాణ్ణి పిలిచి మరీ పడగొడతారు. నా ఉయ్యాలని బకెట్ల పక్కన కూర్చోబెట్టి, ఇక్కడ ఛాతీ గెలిచిందని రాసేసుకుంటే అది పరిశోధన ఎలా అవుతుందమ్మా?

ఇంకో సంగతి ఉంది. రాయకూడదనుకున్నా, కానీ పెన్సిలు ఆగడం లేదు. నా మనవరాలికి నెలలు నిండుతున్నాయి. పురుడు మీ ఆసుపత్రిలోనే. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి పడక నా చేతి పనే. నా కూతురికి అంతే, దాని కూతురికి అంతే. ఈ బిడ్డ కోసం ఒక టేకు దుంగ ఎప్పటినుంచో దాచిపెట్టాను. దాన్ని ఎందరు అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు నా చేతులు వణుకుతున్నాయి. ఇదే ఆఖరి ఉయ్యాల. ఆ సంగతి నాకు తెలుసు, ఉలికి తెలుసు, మా ఇంటావిడకి తెలుసు, ఎవరం పైకి అనుకోము.

అలాంటిది మొన్న ఆ పిల్ల, మీరు కడుపుతో ఉన్నవాళ్ళకి చెప్పే పాఠం ఏదో విని వచ్చి, "తాతా, పుట్టగానే బిడ్డ నా గుండెల మీదే ఉండాలంట. నీ ఉయ్యాల తర్వాత చూద్దాంలే" అంది. తర్వాత చూద్దాంలే! నేను కోపంతో చేతిలో ఉన్న సుత్తి కింద పడేశాను. కింద నా కాలుంది.

ఆ పిల్లకి నేనేం తక్కువ చేశాను? దాని అమ్మ మిల్లులో పనికి పోతే రోజంతా ఊపింది నేను. ఈ కాలితోనే. మధ్యాహ్నం నేను కాస్త కునుకు తీసి లేచి చూసేసరికి, ఉయ్యాలలో నోరు తెరుచుకుని హాయిగా పడుకుని ఉండేది. ఒక రోజు కాదు, రోజూ. నా కళ్ళతో చూశాను. ఇంతకంటే ఏం పరిశోధన కావాలి మీకు?

సరే. నేను న్యాయంగా పోయేవాణ్ణి. ఆ ఛాతీలో ఏముందో, నా ఉయ్యాలలో ఏం లేదో వరసగా రాసి పంపండి. అప్పుడు చూద్దాం.

ఇట్లు,
ఉయ్యాలల తాత

తా.క. కాలి బొటనవేలు వాచింది. ఇది మీ పరిశోధనలో రాసుకోండి.

మళ్ళీ తా.క. అమ్మా, నేను ఆయన ఇంటావిడని. ఆయన జిగురు డబ్బా వెతుక్కోడానికి లోపలికెళ్ళారు. ఆ మనవరాలి నిద్ర సంగతి ఆయన రాసినంత సూటిగా లేదమ్మా. ఎప్పుడన్నా తీరిగ్గా చెబుతా. డబ్బా దొరికినట్టుంది, వస్తున్నా

*

పెద్దలు తాతగారికి,

మీ కాలికి ఎలా ఉంది? చల్లటి నీళ్ళలో పెట్టుకోండి. సుత్తులు దూరంగా పెట్టుకోండి.

ఇది పందెం కాదు. అయినా మీరు అడిగారు కాబట్టి తెలిసినంత రాస్తున్నాను.

మొదటిది వెచ్చదనం. బిడ్డకి చలేస్తే తల్లి ఛాతీ ఇంకాస్త వేడెక్కుతుంది, ఒళ్ళు కాగితే చల్లబడుతుంది. తల్లికి తెలియకుండానే జరిగిపోతుంది. తర్వాత గుండె చప్పుడు. కడుపులో ఉన్నన్నాళ్ళూ విన్న చప్పుడే మళ్ళీ చెవికి వినబడితే బిడ్డ బెదరదు. ఊపిరి ఉంది. తల్లి ఊపిరి తీసి వదులుతుంటే బిడ్డ పైకి లేచి కిందికి దిగుతూ ఉంటుంది, దాంతో తన ఊపిరి కూడా సర్దుకుంటుంది. ఒంటి వాసన ఉంది, దాన్ని పట్టుకునే బిడ్డ పాల దగ్గరికి పాకుతుంది. మేం చెయ్యి వెయ్యకపోయినా పాకుతుంది, చూస్తే మీకూ ముచ్చటేస్తుంది. ఇక గొంతు సరేసరి.

ఇవి ఏ చెక్కకీ రావు తాతగారూ. అది చెక్క తప్పు కాదు, మీ తప్పు అసలే కాదు.

మీ మనవరాలు మా దగ్గరికి వస్తోందని తెలిసి సంతోషం. జాగ్రత్తగా చూసుకుంటాం.

గౌరవంతో,
పెద్ద నర్సు

తా.క. తన చిన్నప్పటి ఏడుపు గురించి మీరు రాసింది నిజమేనా అని వాచ్‌మన్ వాళ్ళమ్మని అడిగాడట. "ఆ ముసలాయన ఇంకా మర్చిపోలేదా!" అందట ఆవిడ. అప్పట్నుంచి అతను కాస్త మెల్లగా మాట్లాడుతున్నాడు.

*

పెద్ద నర్సమ్మ గారికి,

మీ ఆర్డరు అందింది. ఇన్నాళ్ళ పనిలో ఇంత వివరంగా ఏం కావాలో రాసిన ఖాతాదారుని నేను చూడలేదు. మామూలుగా "బాగా చెయ్యి తాతా" అని పోతారు. మీరు వేడి ఎలా ఉండాలి, చప్పుడు ఎలా ఉండాలి, ఎంత లేవాలి, ఎంత దిగాలి అన్నీ రాశారు. చివర్లో ఇవి ఏ చెక్కకీ రావు అన్నారు. అలాంటి మాటలు ఖాతాదార్లు అంటూనే ఉంటారు, నేను పట్టించుకోను.

ఈ ఉత్తరంతో పాటు బండిలో వచ్చింది చూడండి.

అడుగున రబ్బరు సంచి ఉంది. వేడినీళ్ళు పోయండి. బిడ్డ ఒళ్ళు కాగితే వేడినీళ్ళు తీసి చన్నీళ్ళు పోయండి. తల్లికి తెలియకుండా జరగాలన్నారు కదా, తల్లి అటు తిరిగినప్పుడు పోయండి.

తల వైపు చెక్క వెనకాల గుండె పెట్టాను. మా ఇంట్లో గోడ గడియారం అది. కీ ఇచ్చాను. ఇంట్లో ఇప్పుడు టైమెంతో ఎవరికీ తెలీదు.

ఊపిరి కోసం కమ్మరి దగ్గర కొలిమి తిత్తి అడిగి తెచ్చాను. పరుపు కింద బిగించాను. కింద కాలిపలక ఉంది, తొక్కితే పరుపు లేస్తుంది, వదిలితే దిగుతుంది. మెల్లగా తొక్కండి. కమ్మరి తొక్కినట్టు తొక్కితే బిడ్డ కాదు, ఇనుము కాగుతుంది.

వాసనకి మా ఇంటావిడ పాత శాలువా పరిచాను. కూతురినీ మనవరాలినీ పెంచిన శాలువా. అడిగితే ఇవ్వదు కాబట్టి అడగలేదు.

గొంతు ఒక్కటే కుదరలేదు. దానికి మీ వాచ్‌మన్‌ని పక్కన నిలబెట్టి మాట్లాడించండి. మీరు అనవసరంగా వాడి గొంతు తగ్గించారు.

ఇప్పుడు పెట్టండి పందెం. ఇది గెలిస్తే, నా మనవరాలి బిడ్డకి మొదటి పడక టేకు ఉయ్యాలే. తిత్తీ గడియారం అందులోకి మారుస్తాను. మాటంటే మాటే.

ఇట్లు,
ఉయ్యాలల తాత

తా.క. పాల సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను.

*

పెద్దలు తాతగారికి,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మీ ఉయ్యాల గేటు దగ్గర దిగగానే వాచ్‌మన్ చెవి ఆనించి విన్నాడు. టిక్కు టిక్కుమంటోంది. ఎందుకైనా మంచిదని కాలితో తట్టాడు. అది నిట్టూర్చింది. అతను రోడ్డు అవతలి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు, మేం ఎంత పిలిచినా రాలేదు. మేమే మోసుకుని వార్డులోకి తెచ్చాం.

బిడ్డల్ని అందులో పెట్టలేదు, కోప్పడకండి. మా దగ్గర తల్లులకి పాఠం చెప్పే బొమ్మ బిడ్డ ఒకటి ఉంది, దాన్ని పడుకోబెట్టాం. అప్పుడే పెద్ద డాక్టరమ్మ వచ్చి, "ఏమిటిది?" అంటూ చూసుకోకుండా కాలిపలక మీద కాలేశారు. ఆవిడ మెల్లగా తొక్కే మనిషి కాదు. బొమ్మ ఎగిరి నేరుగా ఆవిడ చేతుల్లోనే పడింది. ఇన్నేళ్ళలో ఎన్నో కాన్పులు చేశాను గానీ ఇంత తేలిగ్గా ఏ బిడ్డా రాలేదన్నారు ఆవిడ.

అంతలో గుండె పన్నెండు కొట్టింది. వార్డులో బిడ్డలందరూ లేచారు. బయట వరండాలో కునుకు తీస్తున్న తండ్రులు కూడా లేచారు. కాబట్టి ఉపయోగం లేదని అనలేను.

తాతగారూ, తల్లులు చాలా రోజుల తర్వాత అంత పకపకా నవ్వారు. ఒకావిడ ముందు రోజునుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు, బిడ్డని చూడ్డానికే భయపడింది. మీ తిత్తి నిట్టూర్పు విని నవ్వి నవ్వి, బిడ్డని తనే అడిగి తీసుకుంది. అది మేం రాసుకున్నాం.

ఒక మనవి. మాకు నిజంగా కావలసింది ఇంకోటి ఉంది. తల్లులు బిడ్డని ఛాతీ మీద పెట్టుకుని ఆ బల్లపరుపు మంచాల మీద ఉండలేకపోతున్నారు, నడుములు పట్టేస్తున్నాయి. వెనక్కి వాలి కూర్చునే కుర్చీ మీరు చేసిస్తారా?

మొన్న మీ మనవరాలు వచ్చి నాతో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో చెప్పకూడదు. పరిశోధనలో తల్లులు మాతో అన్న మాటలు బయటపెట్టం. మీ గురించేనని మాత్రం చెప్పగలను.

గౌరవంతో,
పెద్ద నర్సు

తా.క. శాలువా ఉతికి పంపుతున్నాను. మీ ఇంటావిడ గారు దీని కోసం వెతుకుతున్నారేమో అని భయంగా ఉంది.

*

పెద్ద నర్సమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. శాలువా కూడా అందింది, అందాల్సిన చేతికే అందింది. దాని గురించి ఇక రాయను.

మీరు నవ్వారు. సరే. నవ్వించడానికి నేను ఉయ్యాల చెయ్యలేదు.

ఇప్పుడు కుర్చీ చెయ్యమంటున్నారు. నాకు అర్థం కాదనుకున్నారా? ఓడిపోయినవాడికి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపడం అన్నమాట. నేను కుర్చీలు చెయ్యను. మా వీధి చివర ఒకడున్నాడు, కుర్చీలు చేస్తాడు, వాడి కుర్చీలో వాడే కూర్చోడు.

మనవరాలు నా గురించి మీతో ఏం మాట్లాడిందో నాకు తెలుసు. ఈ ముసలాడు ఉయ్యాల ఉయ్యాల అని చంపుతున్నాడు, ఆసుపత్రికి రానివ్వకండి అని చెప్పి ఉంటుంది. చెప్పక్కర్లేదు, నేనే రాను. మొన్న ఇంటికొచ్చి నా పక్కన కూర్చుని, నా గుండె మీద చెవి పెట్టి, "తాతా, బాగానే కొట్టుకుంటోందే" అంది. అంటే నేను ఎన్నాళ్ళుంటానో లెక్క చూసుకుంటోందన్నమాట. నేను చొక్కా గుండీ పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాను.

టేకు ఉయ్యాల పూర్తయింది. చెంప ఆనించి చూశాను. చెంపకి ఏమీ తెలియలేదు, నీళ్ళ మీద ఆనించినట్టుంది. గుడ్డ కప్పి మూల పెట్టాను. బిడ్డ ఎప్పుడు వస్తే అప్పుడు వస్తుంది, రాకపోతే మా ఇంటావిడ ఉల్లిపాయలు పోసుకుంటుంది.

ఇట్లు,
వడ్రంగి

తా.క. గడియారం పంపండి. టైము తెలీక నిన్న మా ఇంటావిడ నాకు రెండుసార్లు భోజనం పెట్టింది. దాని మీద నా ఫిర్యాదు ఏమీ లేదు, కానీ ఆవిడ మళ్ళీ అలా మర్చిపోతుందన్న నమ్మకం లేదు.

*

పెద్దలు తాతగారికి,

మీరు రావాలి. టేకు ఉయ్యాల తీసుకుని రావాలి. బండివాడి చేత పంపితే తీసుకోను.

అయితే కొన్ని షరతులున్నాయి. ఈ రోజునుంచి చుట్ట మానెయ్యండి. వచ్చేరోజు ఒంటికి సబ్బు రుద్ది స్నానం చెయ్యండి. ఛాతీకి నొప్పుల మందూ నూనే ఏదీ రాసుకోకండి. చెక్కపొట్టు దులుపుకోవడం కాదు, కడుక్కోవాలి. గోళ్ళు తీసుకోండి. ముందువైపు గుండీలుండే చొక్కా వేసుకోండి, తల మీంచి వేసుకునేది వద్దు. దగ్గు, జలుబు ఏమన్నా ఉంటే ముందే చెప్పండి.

ఎందుకని అడక్కండి. చెప్పాల్సిన మనిషి నేను కాదు. ఇవన్నీ అవసరం రాకపోవచ్చు. వస్తే మాత్రం మీరు సిద్ధంగా ఉండాలి.

గౌరవంతో,
పెద్ద నర్సు

తా.క. గడ్డం గీసుకోండి. గీసుకున్నాక చెంప మీద చెయ్యి కాదు, చెయ్యి మీద చెంప ఆనించి చూసుకోండి. అది అబద్ధం చెప్పదు కదా.

*

పెద్ద నర్సమ్మ గారికి,

ఉయ్యాల మోసుకొచ్చేవాడి ఛాతీతో ఆసుపత్రికి ఏం పని? ఎన్నో ఇళ్ళకి ఉయ్యాలలు చేర్చాను. గోళ్ళు చూపించమన్నవాళ్ళు ఎవరూ లేరు. రేపు మంచం చేసేవాణ్ణి పళ్ళు చూపించమంటారా?

రాను. రానంటే రాను.

ఇట్లు,
వడ్రంగి

తా.క. చుట్ట మానేశాను. మీరు చెప్పారని కాదు, దగ్గొస్తోందని.

మళ్ళీ తా.క. అమ్మా, నేను ఇంటావిడని. దగ్గేం లేదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, చెయ్యికి చెంప ఆనించి చూసుకుంటున్నారు. గుండీల చొక్కాకి ఇస్త్రీ చేయించారు. వస్తారు.

*

అమ్మా నర్సమ్మా,

ఇన్నాళ్ళూ మీరు మీరు అని రాశాను. ఇక నువ్వనే రాస్తాను. నా ఒంటి మీద చొక్కా విప్పించినదానివి, ఇంకా మీరేమిటి?

"ఆ రోజు ఎలా అనిపించిందో మీ మాటల్లో రాసివ్వండి తాతగారూ, పరిశోధనకి కావాలి" అన్నావు. అందుకని రాస్తున్నాను. నాకు రాయాలని ఉండి కాదు.

ఆ మధ్యాహ్నం టేకు ఉయ్యాల పక్కన పెట్టుకుని మీ వరండాలో ఇనప కుర్చీలో కూర్చున్నాను. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ చెయ్యాలి అన్నారు. మనవరాలి మొగుడు ఫైరింజన్ మీద పనిచేస్తాడు. మంటల్లోకి దూకుతాడు, మేడలెక్కి మనుషుల్ని మోసుకొస్తాడు. పెళ్ళాం చేతికి సూది గుచ్చడం చూసి నిలువునా పడిపోయాడు. వాణ్ణి మోయడానికి మీ వాచ్‌మన్ కావాల్సివచ్చింది.

నేను ఉయ్యాల అంచు పట్టుకుని కూర్చున్నా. ఏం ఆలోచించానని అడిగితే, ఏమీ లేదు. టేకు చెక్క మీది నరాల చారలు చూస్తూ కూర్చున్నా.

నువ్వు తలుపు తీసుకుని వచ్చావు. చేతిలో చిన్న మూట. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. తల్లికి వణుకు తగ్గలేదు, ఇంకాసేపు బిడ్డని పట్టుకోలేదు. గుండీలు విప్పండి" అన్నావు. నేను ఉయ్యాల మీది గుడ్డ తీశాను. నువ్వు "అది కాదు, మీ చొక్కా గుండీలు" అన్నావు.

అప్పుడు కదా చెప్పావు. తల్లికి వీలుకాకపోతే ఎవరి ఛాతీ మీద పెట్టాలని నువ్వు ప్రతి తల్లినీ ముందే అడుగుతావని. నా మనవరాలు ఆలోచించకుండా "మా తాత" అందని. మొగుడు పడిపోతాడు, అమ్మకి మిల్లులో సెలవు దొరకదు, అమ్మమ్మ ఒక్కచోట కూర్చోదు, తాత కూర్చుంటే కదలడు, పైగా ఆ గుండె చప్పుడు నాకు తెలుసు అందని. అది చెవి పెట్టి విన్నది నా లెక్క తేల్చుకోడానికి కాదన్నమాట. కూతురికి ఇవ్వబోయే పడక గట్టిగా ఉందో లేదో చూసుకుంది. నేను నా ఉయ్యాలల్ని చూసుకున్నట్టే.

ఎలా అనిపించిందంటే. పిచ్చుక కంటే కాస్త బరువు. వచ్చేటప్పుడు గీ గీమంటోంది. నా మీద పెట్టాక ముక్కుతో కాసేపు వెతికింది. "నా దగ్గర ఏమీ లేదే తల్లీ, చెక్కపొట్టు కూడా కడిగేయించారు" అన్నాను. నా గొంతు విని ఆగింది. చెంప నా ఛాతీకి ఆనించింది. అచ్చం నేను చెక్కకి ఆనించినట్టు. అలా ఆనించి చూసుకుని, పర్లేదనుకుని, నిద్రపోయింది.

నర్సమ్మా, నా జన్మలో నా పనితనాన్ని అలా పరీక్ష చేసినవాళ్ళు లేరు.

ఆ తర్వాత మనవరాలి వణుకు తగ్గింది, బిడ్డని ఇవ్వమని నువ్వొచ్చావు. నేను ఇవ్వలేదని నువ్వు నలుగురికీ చెబుతున్నావంట. ఇవ్వలేదు కాదు, నిద్ర చెడుతుందని ఆగమన్నాను. రెండోసారి కూడా అందుకే ఆగమన్నాను. మూడోసారి నువ్వు పెద్ద డాక్టరమ్మని తీసుకొచ్చావు, అది న్యాయం కాదు.

ఇక్కడిదాకా నీకు తెలుసు. తెలియనిది ఇప్పుడు రాస్తున్నా.

సాయంత్రం మనవరాలి మంచం పక్కన కూర్చుని అన్నాను, "సరేనే, మొదటి పడక నా ఛాతీ అయింది. కానీ నువ్వు మాత్రం నా ఉయ్యాలలోనే పడుకున్నావు, అది కాదనకు" అని. మనవరాలు అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ మనవరాలి వైపు చూసింది. ఇద్దరూ కిసుక్కుమన్నారు. కుట్లు పడ్డ మనిషి, నవ్వితే నొప్పి, అయినా నవ్వింది.

మా ఇంటావిడ అంది: "అది నీ ఉయ్యాలలో ఒక్కనాడు కళ్ళు మూసిందా? వేస్తే కెవ్వుమనేది. నువ్వే తీసి గుండెల మీద వేసుకుని, అలవాటు కొద్దీ ఖాళీ ఉయ్యాలని కాలితో ఊపుతూ కూర్చునేవాడివి. దానికంటే ముందు నువ్వు గుర్రు పెట్టేవాడివి. నువ్వు లేచేలోపు నేను వచ్చి పిల్లని తీసి ఉయ్యాలలో వేసేదాన్ని. నువ్వు లేచి, చూశావా నా ఉయ్యాల మహిమ అనేవాడివి. ఇన్నేళ్ళూ చూశాను, చూశాను అన్నాను. దీని అమ్మప్పుడూ అంతే."

నా చేతి పని, నా చేతి పని అని ఇన్నాళ్ళు మీసం మెలేశాను. తీరా చూస్తే వీళ్ళందరికీ పడక నేనే. చెయ్యి కాదు, మొత్తం మనిషి. నీ పరిశోధన మా ఇంట్లో ఎప్పుడో అయిపోయింది, నేను నిద్రపోతుండగా.

నువ్వు గెలిచావు. రాసుకో. కానీ ఛాతీ కూడా నాదే కాబట్టి నేను ఓడిపోయానని రాయకు.

ఇప్పుడు తల్లీబిడ్డా మా ఇంట్లోనే ఉన్నారు. నిన్న మనవరాలు పాలిచ్చి పడుకుంది. బిడ్డ నా మీద ఉంది. నా కాలు దాని పాటికది టేకు ఉయ్యాలని ఊపుతోంది. నిజంగా మా ఇంటావిడ చెప్పిందే జరుగుతుందా అని, కళ్ళు మూసుకుని గుర్రు పెట్టినట్టు నటించాను. కాసేపటికి అడుగుల చప్పుడు. మెల్లగా వచ్చింది. నా చెయ్యి ఎత్తి పక్కన పెట్టింది, బిడ్డని తీసింది, శాలువాలో చుట్టి ఉయ్యాలలో వేసింది. నా చొక్కా గుండీలు పెట్టింది. ఎన్నేళ్ళ అలవాటో, ఒక్క చప్పుడు లేదు.

నేను ఒళ్ళు విరుచుకుని లేచి, "చూశావా, నా ఉయ్యాలలో ఎంత హాయిగా పడుకుందో!" అన్నాను.

"చూశాను" అంది.

ఇట్లు,
నీ పరిశోధనలో ఒక ఛాతీ

తా.క. ఆ ఇనప కుర్చీ చేసినవాడు ఎవడో గానీ వాడికి నడుము లేదు. నాది ఇంకా తిన్నగా లేవలేదు. వెనక్కి వాలే కుర్చీలు బండిలో పంపుతున్నాను. కూర్చుని చూశాను, బాగుంది, కానీ వెంటనే నిద్రపోయాను. తల్లులకి చెప్పు.

మళ్ళీ తా.క. ఖాళీ ఉయ్యాల ఒకటి వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యి, భోజనం డబ్బా పెట్టుకుంటాడు. దాన్ని మాత్రం ఛాతీ మీద పెట్టుకోలేడు కదా.